ఎడారిలో పచ్చ తివాచీ

జనవరి నెల. అమెరికాకి ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో సరస్సులన్నీ గడ్డకట్టి ఉంటాయి. కారు బయటికి తీయాలంటే ముందు పారతో మంచు ఎత్తిపోయాలి. గోల్ఫ్ కర్రలు గ్యారేజీలో ఓ మూల పడి ఉంటాయి. సరిగ్గా అప్పుడే అక్కడి రిటైర్డ్ జంటలు సామాను సర్దుకుంటాయి. విమానమెక్కి అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో దిగితే, పగలు దాదాపు 20 డిగ్రీల హాయైన ఎండ! కొల్లేటికి కొంగలొచ్చినట్టు ఏటా వచ్చి వాలే వీళ్లకి అక్కడివాళ్లు పెట్టిన పేరు 'స్నోబర్డ్స్'... మంచు పక్షులన్నమాట.

ఫీనిక్స్ పక్కనున్న స్కాట్స్‌డేల్ వీళ్లకి స్వర్గం. అక్కడి చాలా మైదానాల్లో ఆట తీరే వేరు. బంతి కొట్టే చోట కాస్త పచ్చిక, అది పడాల్సిన చోట ఇంకాస్త. మధ్యలో అంతా రాళ్లూ ముళ్లే. గురి తప్పిందా, బంతి నేరుగా చోయా అనే ముళ్లపొదలోకే. ఆ ముళ్లు ఒంట్లో దిగితే ఓ పట్టాన రావు. పైగా పాముల భయం. అందుకే అనుభవజ్ఞులు బంతిని వెతకరు, జేబులోంచి ఇంకోటి తీస్తారు!

చుట్టూ చేతులెత్తి నిలబడ్డట్టుండే సగువారో కాక్టస్‌లు. మొదటి ఎనిమిదేళ్లలో ఇవి ఎదిగేది ఒకటీ ఒకటిన్నర అంగుళాలే. ఆ 'చేయి' మొలవడానికి 50 ఏళ్లకు పైనే పడుతుంది. ఉన్న నీటితో సరిపెట్టుకుని బతకడం వాటికి తెలుసు.

పచ్చికకి అది తెలియదు. వేసవిలో పెరిగే బెర్ముడా గడ్డి చలికాలంలో గోధుమరంగుకి తిరిగి నిద్రపోతుంది. వచ్చే అతిథులకి పచ్చగా కనపడాలిగా! అందుకని అక్టోబరు ప్రాంతంలో మైదానాలు కొన్ని వారాలు మూసేసి రై గడ్డి విత్తనాలు చల్లుతారు. మొలకెత్తేదాకా రోజుకి నాలుగైదుసార్లు తడపాల్సిందే. స్కాట్స్‌డేల్‌లో చాలా మైదానాలు శుద్ధిచేసిన మురుగునీరు వాడతాయి. అన్నిచోట్లా ఆ వీలు లేదు. ఎడారికి నీళ్లిచ్చే పెద్దదిక్కుల్లో ఒకటి కొలరాడో నది. 336 మైళ్ల కాలువలో, కొండల మీదికి పంపులతో ఎత్తిపోస్తే ఆ నీళ్లు ఇటు వస్తాయి.

ఆట ముగించి ఆ నదినే చూసి రండి. ఫీనిక్స్ నుంచి ఉత్తరంగా నాలుగు గంటలు కారులో వెళితే గ్రాండ్ కెన్యన్. మైలు లోతు, 277 మైళ్ల పొడవు. అంచున నిలబడితే అడుగున నది దారప్పోగులా కనిపిస్తుంది. అంత లోయని తొలిచింది అదేనంటే నమ్మబుద్ధి కాదు. ఆ అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి శీతాకాలంలో అక్కడా మంచే. స్వెట్టర్ మరవద్దు.

అక్కణ్నుంచి లాస్ వేగాస్ దారిలో హూవర్ డ్యామ్. 1930ల్లో కట్టిన ఆ ఆనకట్ట ఎత్తు 726 అడుగులు. దాన్ని చూసి మురిశాక, వెనకున్న మీడ్ సరస్సు గట్ల వంక చూడండి. రాళ్ల మీద తెల్లటి చార. ఒకప్పుడు నీళ్లు అక్కడిదాకా ఉండేవి. 2022 జులైలో సరస్సు నిండిన నాటి నుంచీ ఎన్నడూ లేనంత అడుక్కి పోయింది. ఆ ఏడాది కొలరాడో నీటిలో అరిజోనా వాటాకి 18 శాతం దాకా కోత పడింది. ఎక్కువ దెబ్బ తిన్నది ఫీనిక్స్‌కి దక్షిణాన పినాల్ కౌంటీ రైతులు. కాలువ నీళ్లు ఆగిపోయి కొందరు పొలాలు బీడు పెట్టారు.

ఆ సంగతి తెలిశాక పచ్చిక మీద నడక మునుపటిలా ఉండదు. అలాగని ఆట మానక్కర్లేదు. రై విత్తనాలు చల్లకుండా బెర్ముడాని దాని మానాన వదిలేసే మైదానాలూ ఉన్నాయి. అరిజోనాలో ఉన్న పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్లి, అల్లుడితో సరదాగా కర్ర పట్టాలనుకునే మావగార్లు అలాంటివే అడగండి. ఎండిన గడ్డి మీద బంతి ఇంకో పది గజాలు ఎక్కువే దొర్లుతుంది!