ఫిడేలు రూపపు బేస్ గిటారును ఎగతాళి చేయువారికి ప్రత్యుత్తరము



వాద్యకారుడు తన వాద్యమును ప్రేమించుట నేరమా? ఇట్టి ప్రశ్న అడుగవలసిన అవసరమే రాకూడదు. అయినను వచ్చినది. బేస్ గిటారు వాయించువారిలో అనేకులు ఫిడేలువంటి ఆకారముగల యొక జర్మనీ వాద్యమును ఎంతో ముద్దుగా చూచుకొనుచున్నారు. దాని పేరు హోఫ్నర్ 500/1. ఇద్దరు కలిసికొనిన చాలును, ఏ తంతులు దానికి తగినవో, ఏ మీట ఎటు జరిపిన ఎట్టి స్వరము పలుకునో గంటలకొలది చెప్పుకొందురు. వీరిని చూచి నవ్వువారు కొందరున్నారు. "అది బొమ్మ. ఒక పేరుపొందిన మనిషి పట్టుకొనెను గనుక వీరును పట్టుకొనుచున్నారు" అని వారి వాదము. ఈ నవ్వు న్యాయమైనది కాదనియు, తెలియనితనమువలన కలిగినదనియు నేను చెప్పుచున్నాను. ఇంకొక గుంపు ఉన్నది. వారు ఆ వాద్యమును ప్రేమించుచున్నామని చెప్పుకొనుచునే దాని నోరు నొక్కుచున్నారు. వారికిని ఒక మాట చెప్పవలసియున్నది.

మొదట ఈ వాద్యమేమిటో తెలిసికొందము. మామూలు గిటారుకు ఆరు తంతులు. బేస్ గిటారుకు సాధారణముగా నాలుగే; అవి లావైనవి, మంద్రముగా పలుకునవి. పాటలో దాని పని ఇంటికి పునాది చేయు పనివంటిది. వినువారిలో చాలమంది దానిని గమనింపరు. అది ఆగిపోయిన క్షణమున మాత్రము పాట డొల్లపడినట్లు అందరికిని తెలియును. తంతుల క్రింద అయస్కాంతములును, వెండ్రుకవలె సన్నని రాగితీగ చుట్టలును ఉండును. లోహపు తంతి అదరినప్పుడు ఆ చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుట్టును. యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరునకు పంపును. ఈ వాద్యము పని చేయు విధము ఇంతే.

ఇప్పుడు ఎగతాళి చేయువారి మొదటి మాట విందము. "బేస్ గిటారనగా ఫెండర్ సంస్థ చేసినట్లుండవలెను. ఈ ఫిడేలు ఆకారము వింత, సంప్రదాయమునకు విరుద్ధము" అందురు. ఎవరి సంప్రదాయము? అమెరికాలో లియో ఫెండర్ తన ప్రెసిషన్ బేస్‌ను అంగడికి తెచ్చినది 1951లో. గట్టి కట్టెపలకను కోసి, దానికి మెడ బిగించి, తంతులు లాగి చేసినది అది. గొప్ప పనియే, దానిని నేను తక్కువ చేయుట లేదు. అయితే ఆ దినమున వింత వస్తువు ఏది? ఆ పలకయే కదా! అంతకుముందు మంద్ర స్వరము కావలెనన్న మనిషియెత్తు ఫిడేలువంటి డబుల్ బేస్‌ను నిలువుగా పట్టుకొని వాయించుచుండిరి. 1953లో గిబ్సన్ సంస్థ తన మొదటి విద్యుత్ బేస్‌ను చేసినప్పుడు దానికి ఫిడేలు రూపమే ఇచ్చినది. నిలువుగా వాయింపగోరువారి కొరకు క్రింద ఒక ఊతకర్రను కూడ అమర్చినది. కాబట్టి ఫిడేలు రూపము పాత బంధువు. పలకయే క్రొత్త చుట్టము. క్రొత్తగా వచ్చిన చుట్టము ఇంటి పెద్దను పట్టుకొని "నీవెవరవు?" అని అడిగినట్లున్నది ఈ వాదము.

హోఫ్నర్‌వారి చరిత్ర చూచినను ఇదే తేలును. కార్ల్ హోఫ్నర్ అను ఫిడేళ్ల పనివాడు 1887లో షోన్‌బాక్ అను ఊరిలో తన పనిశాల పెట్టెను. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశములో లూబీ అను పేరుతోనున్నది. తరతరములుగా ఫిడేళ్లు చేసి బ్రదికిన ఊరు అది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత అక్కడి జర్మను భాషవారు వెళ్లగొట్టబడిరి. ఇండ్లు పోయినవి, పనిశాలలు పోయినవి. చేతిలోని పనితనము మాత్రము పోలేదు. వారిలో అనేకులు బవేరియాలోని బూబెన్‌రాయిట్ అను పల్లెలో చేరి మరల ఫిడేళ్లును గిటార్లును చేయసాగిరి. కార్ల్ కుమారుడైన వాల్టర్ హోఫ్నర్ ఈ 500/1 రూపమును కల్పించెను. అది 1956లో అంగడికి వచ్చెను. ముందు పలక స్ప్రూస్ కట్టె, వెనుకయు ప్రక్కలును మేపుల్ కట్టె, లోపల డొల్ల. అంతయు ఫిడేలు పద్ధతియే. ఊరు పోగొట్టుకొనిన పనివారు తమకు వచ్చిన పనిని క్రొత్త కాలమునకు తగినట్లు మలచిరి. ఆ పనిని బొమ్మయని నవ్వువాడు ఎవరి కష్టమును చూచి నవ్వుచున్నాడో ఒకసారి ఆలోచింపవలెను.

వింత అను మాటను మనము కూడ జాగ్రత్తగా పలుకవలెను. ఫిడేలు మనకు పుట్టింటి వాద్యమా? సుమారు రెండు వందల యేండ్ల క్రిందట బాలుస్వామి దీక్షితులవంటివారు దానిని యూరోపువారి యొద్దనుండి గ్రహించి కర్నాటక సంగీతమునకు అమర్చిరి. నేల మీద కూర్చుండి, దాని తలను కాలి మడమకు ఆనించి వాయించుట యూరోపువాడెరుగని విధము. ద్వారం వేంకటస్వామి నాయుడుగారి కాలమునకు అది పరాయి వాద్యమని ఎవరికైన తోచియుండునా? నేటి వింత రేపటి ఆచారమగును. వింతయన్న కారణముచేత దేనిని త్రోసివేసినను మనకే నష్టము.

రెండవ మాట. "దాని స్వరము మంచిది కాదు; అందులో లోపములు మెండు" అందురు. లోపములున్నవి. నేనెందుకు దాచవలెను? కట్టె డొల్లగనుక శబ్దము మిక్కిలి పెంచినప్పుడు స్పీకరు ధ్వని తిరిగి వాద్యమునే అదిరించి ఊళపెట్టించును. తంతులను మోయు గుర్రము పలకకు బిగింపబడక ఒత్తిడిచేతనే నిలిచియుండును గనుక, అది జరిగినయెడల శ్రుతి చెడును. అయితే ఆ స్వరమును చెడ్డదనుట వేరు మాట. ఫెండర్ బేస్‌లో తంతి పొడవు 34 అంగుళములు. ఇందులో 30 అంగుళములే. ఒకే లావు తంతిని ఒకే శ్రుతికి లాగినయెడల, అక్కడ బిగువు 100 పాళ్లనుకొందము, ఇక్కడ 78 పాళ్లు చాలును. సడలిన తంతియొక్క స్వరము మెత్తగాను గుండ్రముగాను ఉండును. డొల్ల కట్టె ఆ అదురును త్వరగా త్రాగివేయును గనుక, మొదటి దెబ్బ నిండుగా పలికి త్వరలో అణగిపోవును. ఇది డబుల్ బేస్ స్వభావమునకు దగ్గర. ఒకని చెవికి అది తక్కువగా తోచవచ్చును. పాటలోని మాటలకు చోటు విడుచు స్వరము కావలెననువానికి ఇదియే వరము. కంచు గంట మ్రోగినట్లు మద్దెల మ్రోగదని మద్దెలను నిందించువాడుండునా?

మూడవ మాట అన్నిటికంటె పదునైనది. "పాల్ మెక్‌కార్ట్నీ పట్టుకొననియెడల దీనిని ఎవరు చూచియుందురు? ఇది వాద్యప్రేమ కాదు, వ్యక్తిపూజ" అందురు. బీటిల్స్ అను బృందములో బేస్ వాయించిన ఆయన దీనిని ప్రసిద్ధి చేసెననుట నిజమే. అయితే ఆయన దీనిని ఎందుకు కొనెనో విచారింపుడి. 1961లో ఆయన హాంబుర్గు పట్టణములో రాత్రులు వాయించి పొట్టపోసికొను ఇరువదియేండ్ల లోపు పడుచువాడు. ఫెండర్ కొనవలెనన్న సుమారు 100 పౌనులు కావలెను. ఇది 30 పౌనులకు దొరికెను. పైగా ఆయనది ఎడమచేతి వాటము. ఫిడేలు ఆకారము రెండు ప్రక్కల సమానముగా నుండును గనుక, ఎడమచేతివాడు పట్టుకొనినను వికారముగా కనబడదు. ఇందులో పూజ ఎక్కడ? జేబులోని డబ్బునకును చేతివాటమునకును తగిన పనిముట్టును ఎన్నుకొనుటయే ఉన్నది. రైతు తన యెడ్ల బలమును చూచి నాగలి ఎన్నుకొనడా?

ఇంకను వినుడి. 1965లో ఆయన రికెన్‌బాకర్ సంస్థవారి బేస్‌ను చేపట్టి అనేక పాటలు దానిమీదనే వాయించెను. అయినను 1969 జనవరి 30న లండనులో మేడమీద ఆ బృందము వాయించినప్పుడు ఆయన మెడలో నున్నది 1963 నాటి హోఫ్నర్. ఎనుబదియేండ్లు దాటిన తరువాత చేసిన కచేరీలలోను అదే వాద్యము ఆయన చేతనుండెను. మంచి వాద్యములన్నియు కొనగల స్తోమత వచ్చిన తరువాతను మనిషి దేనియొద్దకు తిరిగి వచ్చునో అదియే అతనికి నిజముగా తగినది. ఆయనకు తగినది అందరికిని తగునా? తగదు. జాకో పాస్టోరియస్ మెట్లు లేని ఫెండర్ బేస్‌కు పడవలకు పూయు ఎపాక్సీ పూసి, దానిచేత మనుష్య కంఠమువలె పాడించెను. నెడ్ స్టైన్‌బర్గర్ తల లేని బేస్‌ను కార్బను నారతో చేసి అందరిని నివ్వెరపరచెను. ఎవరి చేతికి ఏది తగునో ఆ చేయియే చెప్పవలెను. ఒడ్డున నిలిచి నవ్వువాడు చెప్పజాలడు.

ఈ తగవులో నష్టపోవువాడెవడో ఎరుగుదురా? ధనికుడు కాడు, పేరుపొందినవాడును కాడు. క్రొత్తగా నేర్చుకొను పిల్లవాడు, పిల్లది. 34 అంగుళముల వాద్యములో మొదటి మెట్టువరకు దూరము దాదాపు 1.9 అంగుళములు, 30 అంగుళముల దానిలో 1.7కు లోపలనే. పెద్ద చేతికి ఈ భేదము లెక్కలోనిది కాదు. చిన్న చేతికి ఇది చేయి నొచ్చుటకును నొవ్వకుండుటకును నడుమనున్న భేదము. "పొడవైనది వాయించినవాడే వాయిద్యగాడు" అని పెద్దలు ఎగతాళి చేయగా, చేతికి అందనిదానితో పెనుగులాడి సంగీతమే విడిచిపెట్టినయెడల ఆ పాపము ఎవరిది? ఆడలేక మద్దెల ఓడన్నదను సామెత ఉన్నది. ఇక్కడ కథ తలక్రిందులైనది: ఆడగలిగినదానిని పట్టుకొని నీ మద్దెల ఓడు అనుచున్నారు.

ఇక రెండవ గుంపువారితో నా మాట. వీరు నవ్వరు; నెత్తిన పెట్టుకొందురు. పాత హోఫ్నర్ దొరికిన చాలును, ఎంత ధరయైనను పెట్టి కొని అద్దాల బీరువాలో పెట్టి తాళము వేయుదురు. వాయించిన గీత పడునట, ధర తగ్గునట! మెక్‌కార్ట్నీగారి మొదటి హోఫ్నర్ కథ వీరు చక్కగా చదువవలెను. 1963లో వెలువడిన ఆ బృందపు మొదటి రెండు ఆల్బములలో పలికినది అదే. 1972 అక్టోబరులో లండనులోని నాటింగ్ హిల్ యొద్ద నిలిపిన వ్యానులోనుండి దొంగలు దానిని ఎత్తుకొనిపోయిరి. వెదకువారు 2023లో లోకమంతటికి ప్రకటన చేయగా, తుదకు ఒక యింటి అటకమీద నుండి అది బయటపడెను. 2024 ఫిబ్రవరిలో ఆ వార్త లోకమునకు తెలియవచ్చెను. దానిని మరల వాయించుటకు మరమ్మతు కావలసివచ్చెను. యేబది యేండ్లకు పైగా ఆ వాద్యము సొంతదారునికి ఒక్క స్వరమైనను పలుకలేదు. ఆ యింటివారిని నేను నిందించుట లేదు. దొంగ చేసిన పనిని, డబ్బిచ్చి కొనిన మీరు బుద్ధిపూర్వకముగా ఏల చేయుచున్నారని అడుగుచున్నాను. మూసిన అటకకును తాళము వేసిన బీరువాకును వాద్యము దృష్టిలో భేదమేమి? అద్దములోనుండి కనబడుటయే భేదము. మాట రాకపోవుట రెండింటను ఒక్కటే.

నిజమైన ప్రేమకు గురుతు ధర కాదు. ఆ సంస్థ పేరుతోనే చైనాలో తయారైన చవక రకములును అంగళ్లకు వచ్చినవి. వాటిలో నొకటి కొని, సాయంకాలము పని ముగిసిన తరువాత తంతి తుడిచి, శ్రుతి చేసి, నలుగురితో కలిసి వాయించువాడు, బీరువాలో పదింటిని దాచినవానికంటె దానిని ఎక్కువగా ఎరిగినవాడు. అతడు దానిని గూర్చి గంటలకొలది మాటలాడినయెడల మాటలాడనిండు. కుమ్మరి మట్టిని గూర్చి, వడ్రంగి టేకును గూర్చి అట్లే మాటలాడుదురు. పని చేయువాని మాటలో పనియొక్క జ్ఞానమున్నది. అది విసుగుదలగా తోచినయెడల వినువానికి ఆ పని తెలియదని అర్థము.

కాబట్టి నవ్వువారలారా, ఒక పాట ముగియువరకు నోరు మూసికొని వినుడి; తరువాత లోపమేమో చెప్పుడి. దాచువారలారా, తాళము తీయుడి. మీరు వాయింపలేనియెడల వాయించువాని చేతికియ్యుడి. వాయించువారలారా, మీ చేతికి తగినదానిని పట్టుకొని సిగ్గుపడకుడి. అయితే మీకు తగినదే అందరికిని తగునని మీరును ఇతరులను ఎగతాళి చేయకుడి.