మాస్కు పెట్టినా కాళ్ళు పీకుతున్నాయా?

సీపాప్ మాస్కుతో గురక తగ్గినా కాళ్ళ పీకుడు పోలేదని కొందరు మిషను మూల పెట్టేస్తున్నారు. ఇది తగదని మా అభిప్రాయం. మాస్కు పని నిద్రలో గొంతు మూసుకుపోకుండా గాలితో తెరచి ఉంచడం. నిద్ర కుదిరాక కొందరికి కాళ్ళూ నెమ్మదిస్తాయి, అందరికీ కాదు. పడుకోగానే కాళ్ళు కదపాలనిపించే జబ్బు వేరు. "పొలం పని అలసట" అని ఇంట్లోవారు కొట్టిపారేస్తారు గాని, తరచుగా అది శరీరంలో ఇనుము లోటే. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ పరీక్ష అడగండి. 75కు మించకపోతే డాక్టరుగారు ఐరన్ ఇవ్వవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారిలోనూ ఈ బాధ ఎక్కువ కాబట్టి కవిటి, సోంపేట వంటి ఉద్దానం ఊళ్ళవారు క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి. జలుబుకు, వాంతులకు షాపులో కొనే కొన్ని మాత్రలు కూడా దీన్ని పెంచుతాయి. వచ్చేటప్పుడు వాడే మందులన్నీ సంచిలో వేసుకు రండి.