పీహెచ్‌సీలోనే మానసిక రోగులకు మందులివ్వాలి

సంపాదకులకు,

'మతిస్థిమితం లేని వ్యక్తి ఘాతుకం' అని పేపర్లో పడితే చాలు, తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే ప్రతి మనిషినీ మా ఊళ్లలో అనుమానంగా చూస్తారు. ఆ భయం ఉత్తదే అని నేననను. స్కిజోఫ్రెనియా లాంటి జబ్బుకు మందు పడకపోయినా, దానికి సారా, గంజాయి తోడైనా ప్రమాదం పెరుగుతుంది. కానీ సమాజంలో జరిగే హింసలో ఇలాంటి రోగుల వాటా చాలా తక్కువ. అమెరికాలో వేసిన ఒక అంచనా ప్రకారం అది 4 శాతం దగ్గరే. మందు సరిగ్గా అందేవారిలో ప్రమాదం ఇంకా తగ్గుతుంది.

మరి మందు ఎందుకు ఆగిపోతోంది? మా వైపు జబ్బు మొదలవగానే దెయ్యమో, చిల్లంగో (చేతబడో) అంటారు. తాయెత్తులకూ కోళ్లకూ ఉన్న డబ్బు అయిపోయాక విశాఖ పిచ్చాసుపత్రి గుర్తొస్తుంది. కృష్ణదేవిపేట నుంచి అది వంద కిలోమీటర్ల పైమాటే. రోగితో మరో ఇద్దరు బస్సెక్కాలి, ముగ్గురి కూలీ పోతుంది. నెల మందులతో మనిషి కాస్త తేరుకుంటే 'బాగానే ఉన్నాడు కదా' అని మళ్లీ వెళ్లరు. కొన్నాళ్లకు నిద్ర కరువై, అనుమానాలు తిరగబెడతాయి. ఇక ఇంటివాళ్లు కట్టేయడానికి తాడు వెతుక్కోవాలి, లేదా పోలీసులను పిలవాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. పోలీసులు లాకప్పులో పెట్టకూడదు, 24 గంటల్లోగా ఆసుపత్రికి చేర్చాలి. ఆచరణ వేరు. కరోనా వేళ మాస్కులు లేవని గొంతెత్తి సస్పెండైన నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టర్ సుధాకర్‌ను 2020 మేలో విశాఖ రోడ్డు మీద చేతులు వెనక్కి కట్టి, మానసిక ఆసుపత్రికి తరలించారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. డాక్టరుకే ఆ గతి పడితే మన్యం కూలీ కుర్రాడిని ఎవరు పట్టించుకుంటారు?

అదే చట్టం మానసిక రోగుల అత్యావశ్యక మందులు సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) నుంచి పైస్థాయి ఆసుపత్రుల్లో ఉచితంగా ఉండాలంటోంది. మాకు అదీ దూరమే. ఆ మందులు పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) దాకా రావాలి. దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడైనా లేడు కనుక ఊరికొకరిని అడగడం లేదు. సంత రోజులా అందరికీ తెలిసేలా, వారంలో ఒక రోజు నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఓపీ చూడాలి. ఆయన రాసిన మాత్రలు పీహెచ్‌సీలో నెలనెలా ఇవ్వాలి. మాత్ర మింగని వారికి కొన్ని వారాలపాటు పనిచేసే ఇంజెక్షన్లున్నాయి, వాటిని పీహెచ్‌సీలో వేయవచ్చు. టీబీ రోగుల ఇళ్లకు వెళ్లే ఆశా కార్యకర్త ఈ ఇళ్లకూ వెళ్లి మందు వేసుకుంటున్నారో లేదో కనుక్కోవాలి. 2022లో వచ్చిన టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 సలహాకు పనికొస్తుంది గానీ, మాత్రలు చేతికందించదు.

అనకాపల్లి జిల్లా కలెక్టరు, వైద్యాధికారులు ఆ వారపు ఓపీ రోజును, పీహెచ్‌సీల్లో మందులిచ్చే తేదీలను వెంటనే ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కృష్ణదేవిపేట, అనకాపల్లి జిల్లా