బస్సుంది, బస్టాండే లేదు

మొన్న దసరాకి మా చిన్నాయన ఇంటికొచ్చినప్పుడు, మాటల్లో మాటగా అమెరికాలో ఊరి నుంచి ఊరికి బస్సులో తిరిగానని చెప్పా. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి "అక్కడ గూడ బస్సులున్నయారా?" అన్నాడు.

ఆయన హన్మకొండ బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. ఆ అనుమానంలో తప్పేం లేదు లెండి. మనకి అమెరికా అంటే కారే. అక్కడికెళ్ళిన మనవాళ్ళు కూడా ఓ పాత కామ్రీ కొనేదాకా నిద్రపోరు. నేనూ అంతే, కాకపోతే కొనడానికి నా దగ్గర డబ్బుల్లేవు. అలా 2023 జనవరిలో, ఎమ్మెస్ మధ్యలో, సెయింట్ లూయిస్ నుంచి షికాగోకి బస్సెక్కా. దాదాపు 480 కిలోమీటర్లు. మన వరంగల్ నుంచి హైదరాబాదుకి మూడింతల పైనే.

వెళ్ళేటప్పుడు హాయిగా వెళ్ళా. సెయింట్ లూయిస్‌లో రైళ్ళకీ బస్సులకీ కలిపి ఒకటే స్టేషను, 2008లో తెరిచారు. లోపల వెచ్చగా ఉంది, కుర్చీలున్నాయి, కౌంటర్లో మనిషున్నాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా రెండు పక్కలా మంచు కప్పిన మొక్కజొన్న చేలు తప్ప ఇంకేం లేవు. దారిలో చక్రాల కుర్చీలో ఉన్న ఒకాయన ఎక్కాలి. డ్రైవరు దిగి, లిఫ్టు తీసి, కుర్చీతో సహా పైకెక్కించి, పట్టీలు బిగించి మరీ కదిలాడు. పది నిమిషాలు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు. వికలాంగుల హక్కుల కోసం వాళ్ళు 1990లో చేసుకున్న చట్టం పుణ్యమది. మా నానమ్మని పల్లెవెలుగు ఎక్కించడానికి కింద నుంచి ఒకళ్ళు, పైనుంచి ఒకళ్ళు పట్టుకోవాల్సి రావడం గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

అసలు సంగతి తిరుగు ప్రయాణంలో ఉంది. ఈసారి ఇంకో కంపెనీ, ఇంకా చవక టికెట్టు. పేరు ఇక్కడ అనవసరం. వీళ్ళకి షికాగోలో స్టేషనే లేదు. ఒక రోడ్డు పక్కన, పార్కింగ్ స్థలం గోడ దగ్గర ఒక చిన్న బోర్డు, అంతే. బస్సు రాత్రి పదిన్నరకి. నేను పదింటికే వెళ్ళి నిలబడ్డా. పైన కప్పు లేదు, కూర్చోడానికి బల్ల లేదు, అడగడానికి మనిషి లేడు. చలి మైనస్ పన్నెండు. పదకొండయింది, పదకొండున్నరయింది. ఫోన్లో యాప్ మాత్రం పచ్చరంగులో "సమయానికే నడుస్తోంది" అని చూపిస్తూనే ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పాట వినిపించింది. అక్కడ పదిహేను మందిమి ఉన్నాం. ఒక పెద్దావిడ, వయసు డెబ్భై ఉంటుంది, తన సూట్‌కేసు మీదే కూర్చుంది. నా చేతులు వణకడం చూసి, జేబులోంచి చేతులు వెచ్చబెట్టుకునే చిన్న పొట్లం ఒకటి తీసిచ్చింది. ఆవిడకి రెండో పొట్లం ఉందో లేదో నేనడగలేదు. ఇప్పటికీ దానికి సిగ్గుపడుతుంటా. బస్సు ఒంటిగంటా పదికి వచ్చింది. డ్రైవరు సారీ చెప్పాడు, పాపం అతని తప్పేముంది.

ఆ పచ్చరంగు సంగతి చెప్పాలి. నేను కూడా ఇలాంటి కోడ్ రాసి తింటున్నవాణ్ణే. బస్సు నుంచి జీపీఎస్ సమాచారం రాకపోతే ఏం చూపించాలి? "మాకు తెలీదు" అని చూపిస్తే డిజైన్ బాగోదంటారు. అందుకని టైంటేబుల్లో ఉన్న టైమునే చూపించేస్తాం. దాన్ని మేం డిఫాల్ట్ వాల్యూ అంటాం. మామూలు భాషలో చెప్పాలంటే అబద్ధం. ఆ రాత్రి ఆ యాప్‌లో జరిగిందీ అదే అయ్యుంటుందని నా అనుమానం. తెలీకపోతే తెలీదని చెప్పడం ఎన్‌క్వైరీ కిటికీలో కూర్చున్న మనిషికి చేతనవును. విసుక్కుంటూ చెప్పినా సరే, చెప్తాడు.

అమెరికాలో ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే కాదు. గ్రేహౌండ్ పేరు వినే ఉంటారు. 1914లో మిన్నెసోటాలోని హిబ్బింగ్ అనే ఊళ్ళో గని కార్మికుల్ని చేరవెయ్యడంతో మొదలై దేశమంతా పాకిన కంపెనీ. ఊరి నడిబొడ్డున దానికి స్టేషన్లుండేవి. 2021లో జర్మనీకి చెందిన ఫ్లిక్స్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. కొన్నది బస్సుల వ్యాపారాన్నే. స్టేషన్లున్న స్థలాలు చాలావరకు పాత యజమాని దగ్గరే ఉండిపోయాయి. 2022లో ఆ పాత యజమాని వాటిలో ముప్ఫై పైచిలుకు స్థలాల్ని ఒక పెట్టుబడి సంస్థకి అమ్మేసింది. బస్సులు ఒకళ్ళవి, నేల ఇంకొకళ్ళది. నడిబొడ్డు స్థలంలో ప్రయాణికుల్ని కూర్చోబెడితే ఏం లాభం, అపార్ట్‌మెంటు కడితే లాభం గానీ. ఫిలడెల్ఫియాలో అయితే 2023 జూన్‌లో స్టేషను వదిలేసి బస్సుల్ని రోడ్డు పక్కకి తెచ్చారు. చివరికి దాన్ని మళ్ళీ తెరిపించే పని నగరపాలకులే నెత్తినేసుకోవాల్సొచ్చింది.

ఇందులో నన్ను బాగా కలవరపెట్టింది ఇంకోటుంది. 1961లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి దక్షిణాది రాష్ట్రాలకి బస్సుల్లో బయల్దేరారు, ఫ్రీడమ్ రైడర్స్ అని. బస్సులో పక్కపక్కన కూర్చోవడం కోసమే కాదు, బస్టాండు వెయిటింగ్ రూముల్లో ఎవరైనా కూర్చోవచ్చని నిరూపించడం కోసం కూడా. మే 14న అలబామాలో ఆనిస్టన్ దగ్గర వాళ్ళ బస్సుని తగలబెట్టారు. మాంట్‌గోమరీ స్టేషన్లో చావబాదారు. ఆ నవంబర్ 1 నుంచి వెయిటింగ్ రూముల్లో జాతిభేదం చెల్లదని నిబంధన వచ్చింది. అరవై ఏళ్ళ తరవాత చూస్తే, ఎవరు కూర్చోవాలన్న గొడవ లేదు. చాలా చోట్ల అసలా గదే లేదు!

"మన దగ్గర మాత్రం గొప్పగా ఉందా?" అంటారా. లేదు. బస్టాండు మరుగుదొడ్ల గురించి నేను చెప్పక్కర్లేదు. ఫ్లాట్‌ఫారం మీద ఈగలూ, అర్థంకాని మైకూ, సీటు కోసం కిటికీలోంచి రుమాలు వెయ్యడం అన్నీ ఉన్నాయి. కానీ రాత్రి ఒంటిగంటకి ఒక ఆడపిల్ల ఒక్కతే దిగినా అక్కడ లైటుంటుంది, టీ బండి ఉంటుంది, నలుగురు మనుషులుంటారు. ఇదంతా ఊరికే రాలేదు. నిజాం కాలంలో, 1932 జూన్‌లో, 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన సర్కారు బస్సు ఇది. 1958లో ఏపీఎస్సార్టీసీ అయింది, ఇప్పుడు మన దగ్గర టీజీఎస్సార్టీసీ. బస్సూ, డిపో, బస్టాండూ ఒకే చేతిలో ఉండడమే దాని బలం. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. అంటే బస్టాండులో ఎదురుచూసే ఆడవాళ్ళు పెరిగారు. వాళ్ళకి కూర్చునే చోటు కూడా పెరగాలి కదా?

మనమేమో అటే వెళ్తున్నాం. బెంగుళూరు ప్రైవేటు బస్సెక్కాలంటే హైదరాబాదులో మియాపూర్ రోడ్డు పక్కన, పెట్రోలు బంకు ముందర నిలబడాలి. లోపల ఏసీ, పరుపు, దుప్పటి. బయట మురిక్కాలవ. అది షికాగో గోడకి తమ్ముడే. మేం దానికి యాప్‌లో ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చేస్తాం :)

వరంగల్లో రైల్వే స్టేషను ఎదురుగా ఉన్న పాత బస్టాండు పడగొట్టి, ఆ స్థలంలో అంతస్తుల భవనం కట్టే పని పెట్టుకున్నారు. కట్టనివ్వండి, మంచిదే. పైన షాపులు పెట్టుకుని అద్దెలు తీసుకున్నా నాకభ్యంతరం లేదు, ఆర్టీసీకి నాలుగు డబ్బులు రావాలి. నేనడిగేది కింది అంతస్తు గురించి. ఆ నేల ఆర్టీసీ పేరు మీదే ఉండాలి. బల్లలు, నీళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్లు, పిల్లకి పాలిచ్చే గది తగ్గకూడదు. స్క్రీన్లు పెట్టండి, యాప్ చెయ్యండి, కావాలంటే నేను కూడా చేసిపెడతా. కానీ ఎన్‌క్వైరీ కిటికీ మాత్రం తీసెయ్యకండి.

ఇదంతా చిన్నాయనకి చెప్తే, పచ్చరంగు యాప్ కథకి బాగా నవ్వాడు. తరవాత అన్నాడు: "బస్సు లేటయితదిరా. టైరు పంచరయితది, గేటు పడ్తది, ఏమైనా అయితది. లేటయిందని చెప్పెటోడు ఒకడుండాలె. ముప్ఫయేండ్లు నేను చేసిన కొలువు గదే."