గ్లాసు మీద గీత ఎవరు గీయాలి?

ఒక గ్లాసు బీరు మన రాజ్యాంగపు మూడు జాబితాలనూ తాకుతుంది. మద్యం తయారీ, విక్రయం రాష్ట్ర జాబితాలోని 8వ అంశం. దానిపై ఎక్సైజు సుంకం అదే జాబితాలోని 51వ అంశం. తూనికలు, కొలతల ప్రమాణాలను నిర్ణయించడం కేంద్ర జాబితాలోని 50వ అంశం. వాటి అమలు 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి, 33ఏ అంశంగా చేరింది. ఇన్ని అధికారాలు కమ్ముకున్న ఆ గ్లాసు మీద, మన మైక్రోబ్రూవరీల్లో చాలాచోట్ల, ఎంతవరకు పోయాలో చెప్పే చిన్న గీత మాత్రం కనిపించదు.

ఇది కలిగినవారి ముచ్చటే కదా అని కొట్టివేయవచ్చు. కానీ కొనుగోలుదారు చెల్లించిన సొమ్ముకు తగిన కొలత అందడం ముచ్చట కాదు, హక్కు. పప్పుకు, పెట్రోలుకు, పాలకు వర్తించే ఆ హక్కు పానశాల గుమ్మం దగ్గర ఆగిపోవడానికి కారణం లేదు.

పూణెలో డూలాలీ 2009లో, బెంగళూరులో టాయిట్ 2010లో మొదలయ్యాయి. ఆ తరువాత హైదరాబాదుతో సహా అనేక నగరాలకు క్రాఫ్ట్ బీరు విస్తరించింది. గోధుమ బీరు, స్టౌట్, ఐపీఏ అనే పేర్లు మనకు అలవాటయ్యాయి. పాత్ర సంగతి మాత్రం అలవడలేదు. ఏది అడిగినా ఒకే మందపాటి మగ్గులోనో, నిటారుగా ఉండే పైంటు గ్లాసులోనో వస్తుంది. ఆ పైంటు గ్లాసు అమెరికాలో కాక్‌టెయిల్ కలపడానికి వాడిన గ్లాసు. ఒకదానిలో ఒకటి పేర్చవచ్చు, త్వరగా పగలదు. అంటే అది అమ్మేవాడి సౌకర్యం కోసం నిలదొక్కుకున్నదే తప్ప తాగేవాడి కోసం కాదు.

గ్లాసు ఆకారం అలంకారం కాదు. బీరు రుచిలో అధిక భాగం వాసన. ఆ వాసనను మోసుకొచ్చేది నురగ. జర్మన్ గోధుమ బీరుకు సన్నని నడుము, వెడల్పైన పైభాగం ఉన్న పొడవాటి గ్లాసును వాడతారు. పైనున్న ఖాళీలో దట్టమైన నురగ నిలుస్తుంది, ఈస్టు నుంచి పుట్టే అరటిపండు, లవంగాల పరిమళం అక్కడే పోగవుతుంది. పిల్స్‌నర్‌కు సన్నటి పొడవాటి గ్లాసు కావాలి. అందులో బుడగలు ఆగకుండా పైకి వస్తాయి, పానీయపు స్వచ్ఛత కంటికి తెలుస్తుంది. గాఢమైన బెల్జియన్ బీర్లకు అంచు దగ్గర లోపలికి ఒదిగి మళ్లీ విచ్చుకునే తులిప్ గ్లాసు తగినది. అది పరిమళాన్ని పట్టి ఉంచుతుంది, తక్కువ పరిమాణంలో తాగమని చెప్పకనే చెబుతుంది. ఇంట్లో ఒకే గ్లాసు ఉంచుకోదలచినవారికి తులిప్ చాలు.

ఆకారం కన్నా ముఖ్యమైనది శుభ్రత. సబ్బు జిడ్డు, నూనె అంటిన గ్లాసులో నురగ నిలవదు. పోసిన తరువాత లోపలి గోడలకు బుడగలు అంటుకున్నాయంటే గ్లాసు సరిగా కడగలేదని అర్థం. మంచు పట్టించిన గ్లాసులో ఇవ్వడాన్ని మనవాళ్లు మర్యాదగా భావిస్తారు. నిజానికి అతి చలువ నాలుకను మొద్దుబారుస్తుంది, వాసనను అణచివేస్తుంది.

వేడి దేశంలో బీరు త్వరగా వెచ్చబడుతుంది కదా అన్న ప్రశ్నకు కొలోన్ నగరం సమాధానం చెబుతుంది. అక్కడి కోల్ష్ బీరును 200 మిల్లీలీటర్ల సన్నని గ్లాసులో పోస్తారు. చప్పబడేలోగా అది ముగుస్తుంది, కావాలంటే మరొకటి తెస్తారు. మన వేసవులకు ఇంతకన్నా తగిన పద్ధతి లేదు. మనం మాత్రం పెద్ద మగ్గును, బల్లమీది టవరును ఉత్సవంగా అమ్ముకుంటున్నాం.

పానీయానికి తగిన పాత్ర అనే ఆలోచన మనకు పరాయిదేమీ కాదు. తూర్పు నేపాల్, సిక్కిం ప్రాంతాల్లో పులియబెట్టిన చిరుధాన్యాన్ని తోంగ్బా పాత్రలో నింపి, వేడినీళ్లు పోస్తూ, వెదురు గొట్టంతో పీలుస్తారు. ఆ పాత్ర పేరే పానీయం పేరు. మన తాటివనాల్లో కల్లుకు తాటాకు రేక ఉంది. ఏ పాత్రలో, ఎవరితో, ఎంతసేపు తాగాలన్నది ఆయా సమాజాలు నిర్ణయించుకున్న క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణను చెరిపివేసిన రాజ్యం 1980 దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో సారాను పాలిథిన్ పొట్లాల్లో ఊరూరా అందించింది. పాత్ర లేదు, తోడు లేదు, వేళ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి స్త్రీలు లేవదీసిన ఉద్యమం ఆ పొట్లాల మీద, వాటి వెనకనున్న ఖజానా మీద. దాని ఫలితంగా 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది.

నాటినుంచి నేటివరకు మన మద్య రాజకీయం రెండు ధ్రువాల మధ్యనే ఊగుతోంది. ఒకవైపు 47వ అధికరణం ఆదర్శం, గుజరాత్, బీహార్‌ల నిషేధం. మరోవైపు జీఎస్టీ పరిధిలోకి రాకుండా రాష్ట్రాలు కాపాడుకుంటున్న సుంకాల రాబడి. నిషేధించే రాజ్యానికి పాపి కనిపిస్తాడు, వసూలుచేసే రాజ్యానికి రాబడి కనిపిస్తుంది. తాగేవాడు కూడా పౌరుడేనన్న సంగతి ఇద్దరికీ కనిపించదు.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఇద్దరు అధికారులను వేర్వేరుగా పేర్కొంది. సురాధ్యక్షుడు మద్యాన్ని చూస్తాడు, పౌతవాధ్యక్షుడు తూనికలను, కొలతలను చూస్తాడు. ముద్ర వేయించని కొలతకు జరిమానా ఉంది. నేడు మన రాష్ట్రాల్లో సురాధ్యక్షుడు మహాబలవంతుడు, పౌతవాధ్యక్షుని జాడ తెలియదు. జర్మనీలో పానశాల గ్లాసుపై పరిమాణాన్ని సూచించే గీత ఉండటం చట్టబద్ధమైన నియమం. మ్యూనిక్‌లో తక్కువ పోసే మోసానికి వ్యతిరేకంగా పౌరులు నడిపే సంఘమే ఉంది. బ్రిటన్‌లో 568 మిల్లీలీటర్ల పైంటు గ్లాసుకు అధికారిక ముద్ర ఉండాలి. మనకూ 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న తూనికలు కొలతల చట్టం ఉంది. కొరవడినది సంకల్పమే.

చేయవలసినది పెద్దదేమీ కాదు. మైక్రోబ్రూవరీ లైసెన్సు షరతుల్లోనే గీత గీసిన, పరిమాణం ముద్రించిన గ్లాసును తప్పనిసరి చేయాలి. ధరల పట్టికలో పానీయం పేరు పక్కన మిల్లీలీటర్లను, ఆల్కహాలు శాతాన్ని రాయించాలి. గాఢమైన బీరుకు చిన్న పరిమాణం అందుబాటులో ఉంచాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, మూడు జాబితాల మధ్య తగవూ అక్కరలేదు. ఎక్సైజు శాఖ, తూనికలు కొలతల శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే చాలు. అంతవరకు తాగేవారు చేయగలిగింది ఒకటుంది. నురగ దిగేదాకా ఆగి, గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, తక్కువైతే మర్యాదగా మళ్లీ పోయమని అడగడం.