వంశోద్ధారకుడి ఆయుష్షు

కొడుకు పుట్టాలంటే మూడో నెలలో పుంసవనం చేయమన్నాయి గృహ్యసూత్రాలు. మర్రి చిగుళ్ళు నూరి, ఆ రసాన్ని భర్త గర్భిణి కుడి ముక్కులో పిండాలి. తండ్రి నుంచి అందింది ఎక్స్ క్రోమోజోమా, వై క్రోమోజోమా అన్నది కడుపు పండిన క్షణానే తేలిపోయింది. మూడు నెలల తర్వాత ముక్కులో ఏం పోస్తే ఏం లాభం? అయినా ఆ తంతుతో వచ్చేది కాస్త ముక్కు మంటే. అదే కోరిక స్కానింగ్ గదిలోకి నడిచాక అసలు అనర్థం మొదలైంది.

లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లోనే చట్టం వచ్చింది. 2011 జనగణనలో మాత్రం హర్యానాలో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 834 మందే. ప్రకృతికే వదిలేస్తే 950 దాకా ఉండాలి. వాళ్ళని చూసి మనం ముక్కున వేలేసుకోనక్కర్లేదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో 961 ఉన్నది పదేళ్ళలో 939కి దిగింది.

ఈ లెక్కలో మొదటి బాధితురాలు పుట్టనివ్వని ఆడపిల్లే. అందులో వాదన లేదు. అయితే ఎవరి కోసం ఇంత చేశారో ఆ వంశోద్ధారకుడైనా బాగుపడ్డాడా?

నికోలస్ క్రిస్టాకిస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అమెరికాలో లక్షలాది మంది వివరాలు తిరగేసి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. ఈడొచ్చే నాటికి చుట్టూ ఆడవాళ్ళకంటే మగవాళ్ళు ఎక్కువగా ఉన్న చోట పెరిగిన మగవాళ్ళు, 65 దాటాక తోటివాళ్ళకంటే సగటున మూడు నెలలు ముందే పోయారు. మూడు నెలలేనా అనకండి, అది లక్షల మంది మీద సగటు. నిజమే, అమెరికా లెక్కను హర్యానాకు యథాతథంగా అంటగట్టకూడదు. ఒకటి జరిగినచోట రెండోది కనబడినంత మాత్రాన అదే కారణమనీ తేల్చలేం. కారణాలు ఊహించడం మాత్రం కష్టం కాదు: సంబంధాల కోసం పోటీ, ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడి, ఆలస్యపు పెళ్ళి లేదా అసలు పెళ్ళే లేకపోవడం. బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగే మనిషి ఇంట్లో ఉండదు. (మగవాడి ఆరోగ్యం కూడా ఆడదాని చాకిరీ మీదే నడుస్తోందన్నది వేరే సిగ్గుచేటు.)

హర్యానాలో పిల్ల దొరకనివాళ్ళు బెంగాల్, అస్సాంల నుంచి డబ్బిచ్చి పెళ్ళికూతుళ్ళను తెచ్చుకుంటున్నారు. ఆ డబ్బూ లేనివాడు బ్రహ్మచారిగా మిగిలిపోతున్నాడు. తండ్రిని పున్నామ నరకం దాటించడానికని కన్న కొడుకు అతను. అతన్ని దాటించడానికి కొడుకే లేడు. కాబట్టి మీ శాస్త్రం ప్రకారమే అతనికి గతుల్లేవు. పైలోకం సంగతి అలా ఉంచితే, ఈ లోకంలో 45 నుంచి 60 ఏళ్ళ మధ్య పెళ్ళికాని పేదలకు నెలకు 2,750 రూపాయల పింఛను ఇస్తామని 2023లో హర్యానా ప్రభుత్వం ప్రకటించింది.