జల్లెడ మింగిన పని

పిల్లలూ! చేయవలసిన పనులు రాసిపెట్టుకొనే టుడూయిస్ట్ వంటి సాధనాలను మీలో కొందరు ఫోనులో చూసే ఉంటారు. వాటికి ఏపీఐ అనే కిటికీ ఒకటుంటుంది. గ్రంథాలయంలో చీటీ రాసిస్తే గుమాస్తా లోపలినుంచి పుస్తకం తెచ్చిస్తాడు చూడండి, అలాగే వేరొక ప్రోగ్రాం ఈ కిటికీ దగ్గర అడిగితే, అడిగిన పనులే బయటికి వస్తాయి.

చిక్కంతా ఆ చీటీ రాయడంలోనే ఉంది. "లెక్కల పనులూ సైన్సు పనులూ చూపించు" అంటాం మనం. దాన్నే 'లెక్కలు మరియు సైన్సు' అని రాశారో, రెండు గుర్తులూ ఉన్న పనులే వస్తాయి. అక్కడ రాయవలసింది 'లేదా'! ఇక తేదీ వేయని పని 'ఈరోజు' అని అడిగితే ఎన్నటికీ రాదు. పిండి జల్లిస్తే జల్లెడలో మిగిలిన పొట్టయినా కంటికి కనబడుతుంది. ఇక్కడ రాని పని అసలు కనబడదు, అదే ప్రమాదం.

ఈ 'మరియు', 'లేదా', 'కాదు'లను జార్జి బూల్ 1854లోనే తన గ్రంథంలో బీజగణితంగా మలిచాడు. మన బడుల్లో మాత్రం సమితుల పాఠమంటే సున్నాలు గీయించి వదిలేస్తాం. అది చాలదని నా అభిప్రాయం. ఫోను కూడా అక్కరలేదు. పది చీటీల మీద పది పనులు రాయించి, ఒకడు అడగాలి, ఇంకొకడు ఏరాలి. రాకుండా మిగిలిన చీటీలను తరగతి అంతా చదవాలి.